హైదరాబాద్‌కు మారుతున్న ధర్మాబాద్ కుటుంబం ఎక్కడ ఉండాలి: నగరంలోనా, శివార్లలోనా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో ఉండే ఒక తమ్ముడికి హైదరాబాద్ మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. భార్య ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. కూతురు సెమీ ఇంగ్లీష్ (లెక్కలు, సైన్స్ ఇంగ్లీషులో, మిగతావి మరాఠీలో) బడిలో ఏడో తరగతి పూర్తి చేస్తోంది. తల్లికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, షుగర్. కొండాపూర్‌లో 24,000 కిరాయికి ఒక చిన్న ఫ్లాట్ చూశారు. గుండ్లపోచంపల్లిలో దానికంటే పెద్దది 12,000కే వస్తోంది. పైగా బంధువులు "కిరాయి ఎందుకు, రెండెకరాలు అమ్మి మేడ్చల్ వైపే కొనెయ్యండి" అంటున్నారట. ఏది మంచిదని అడుగుతున్నారు.

నేను బ్యాంకులో హోమ్ లోన్ల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మన నాందేడ్, దెగ్లూరు, కిన్వట్, రాజురా వైపు నుంచి హైదరాబాద్ చేరిన కుటుంబాల కాగితాలు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి. ఆ అనుభవంతో ముందే చెప్పేస్తున్నాను. ఆ రెండు ఇళ్లూ మీకు సరిపోవు. భూమి మాత్రం ఇప్పుడు అస్సలు అమ్మొద్దు. ఎందుకో వివరంగా రాస్తాను.

చాలామంది ఉద్యోగం చేసే మనిషిని దృష్టిలో పెట్టుకుని ఇల్లు వెతుకుతారు. ఆ మనిషి పొద్దున వెళ్లి రాత్రి వస్తాడు. పగలంతా ఆ ఇంట్లో గడిపేది మీ భార్య, మీ అమ్మ, సాయంత్రానికి మీ పాప. నీళ్లు రాకపోతే ఇబ్బంది పడేది వాళ్లే. లిఫ్ట్ చెడిపోతే ఇంట్లో చిక్కుకుపోయేది మీ అమ్మే. ఇల్లు వాళ్లకు సరిపోవాలి, మీ ఆఫీసు ప్రయాణం భరించేలా ఉండాలి. ఈ వరుసలో ఆలోచిస్తే చాలా ప్రశ్నలు వాటంతట అవే తేలిపోతాయి.

ముందు లెక్క చూద్దాం. గుండ్లపోచంపల్లి నుంచి మాదాపూర్‌కు కొంపల్లి, సుచిత్ర, బాలానగర్ మీదుగా దాదాపు 30 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే సాఫీగా పోవచ్చు కదా అంటారు. కానీ ఔటర్ ప్రధాన రోడ్డు మీదకు బైకును రానివ్వరు, సర్వీస్ రోడ్డులోనే పోవాలి. కారైతే చుట్టు తిరుగుడు, దానిమీద టోల్. బైకు మీద రోజుకు 60 కిలోమీటర్లు, లీటరుకు 45 ఇస్తుందనుకుందాం. పెట్రోల్ లీటరు 107 రూపాయల లెక్కన నెలకు 25 రోజులకు 3,500 దాటుతుంది. టైర్లు, సర్వీసింగ్, వానలో అక్కడక్కడ ఆగి తాగే చాయ్ ఈ లెక్కలో లేవు. మిగిలింది 8,000 అనుకుంటారు. ఆ 8,000 కోసం రోజుకు రెండున్నర, మూడు గంటలు ట్రాఫిక్‌లో పోతాయి. పాపకు లెక్కలు చెప్పే టైం, అమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే టైం అందులోనే పోతుంది. కొన్నాళ్లకు నడుం నొప్పి కూడా మొదలవుతుంది.

కొండాపూర్ సంగతి వేరే. ఆఫీసు పక్కనే, నిజం. కానీ 24,000 కిరాయి, దానిపై మెయింటెనెన్స్, పాలూ కూరగాయలూ అన్నీ ఆ ఏరియా రేట్లే. ఇంకో ముఖ్యమైన మాట. మీ భార్య కుట్టుపనికి అక్కడ గిరాకీ అంత సులువుగా దొరకదు. అపార్ట్‌మెంటులో తలుపులు మూసే ఉంటాయి, కింద వాచ్‌మెన్ కొత్తవాళ్లను పైకి పంపడు. కుట్టుపని నడవాలంటే సందులో నడిచే ఆడవాళ్లకు మిషన్ చప్పుడు వినబడాలి, గుమ్మానికి ఒక చిన్న బోర్డు ఉండాలి. ఆమె సంపాదన చిన్నదైనా అది మీ ఇంటి కిరాయిలో భాగమే. ఇల్లు మారడంతో దాన్ని పోగొట్టుకోకండి.

మరి ఎక్కడ? మ్యాప్ ముందు పెట్టుకోండి. సరిహద్దులో ఉండేవాళ్లం మనం ఒక విషయం మర్చిపోతాం. మనకు ఊరు తెగిపోదు. పొలం ఉంటుంది, మిర్చి కోతలు ఉంటాయి, పెళ్లిళ్లు, చావులు, తాలూకా ఆఫీసు పనులు ఉంటాయి. అందుకే హైదరాబాద్‌లో మన ఊరి దారి ఎటువైపు తెరుచుకుంటుందో చూసుకోవాలి. ధర్మాబాద్, ఉమ్రి, నాందేడ్ వాళ్ల రైలు బాసర, నిజామాబాద్, కామారెడ్డి మీదుగా వచ్చి మేడ్చల్, బొల్లారం దాటి సికింద్రాబాద్‌కో, మల్కాజిగిరి మీదుగా కాచిగూడకో చేరుతుంది. కిన్వట్ వాళ్లు ఆదిలాబాద్ చేరి 44వ నంబర్ జాతీయ రహదారి పడితే మేడ్చల్, కొంపల్లి మీదుగానే నగరంలోకి వస్తారు. దెగ్లూరు వాళ్లకు 161వ నంబర్ హైవే ఉంది. అది పిట్లం, జోగిపేట మీదుగా సంగారెడ్డి చేరుతుంది, కాబట్టి వాళ్లకు పటాన్‌చెరు, చందానగర్ వైపు మేలు. షోలాపూర్ వాళ్లకూ అంతే. రైలైతే వాడి, వికారాబాద్, లింగంపల్లి. రోడ్డయితే జహీరాబాద్, పటాన్‌చెరు. బల్లార్షా, రాజురా వాళ్ల రైళ్లు కాజీపేట మీదుగా ఘట్‌కేసర్ వైపు నుంచి వస్తాయి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్లు అక్కడే ఆగిపోతున్నాయి. సిరోంచ వాళ్లు కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట, అల్వాల్ చేరతారు. బంధువులు ఎవరో ఒక ఏరియా బాగుందంటే, వాళ్లది ఏ వైపు ఊరో ముందు అడగండి.

మీ విషయంలో చిక్కు ఏమిటంటే ఊరి దారి ఉత్తరాన ఉంది, ఆఫీసు పడమరన ఉంది. ఈ రెంటినీ కలిపేది సికింద్రాబాద్ నుంచి లింగంపల్లి పోయే ఎంఎంటీఎస్ (నగరంలో తిరిగే లోకల్ రైలు) లైను. దాని మీద ఫతేనగర్, భరత్‌నగర్, బోరబండ, హైటెక్ సిటీ స్టేషన్లు ఉన్నాయి. మీరు భరత్‌నగర్, మూసాపేట, బోరబండ, సనత్‌నగర్ చుట్టూ వెతకాలి. భరత్‌నగర్‌లో మెట్రో స్టేషన్ కూడా ఉంది. అక్కడ ఎక్కితే నాలుగో స్టేషన్ అమీర్‌పేట, అక్కడ లైను మారి మాదాపూర్‌లో దిగొచ్చు. ఎంఎంటీఎస్ చవక, కానీ సర్వీసుల మధ్య గ్యాప్ ఎక్కువ. దాన్నే నమ్ముకుని ఆఫీసుకు పోలేరు. మెట్రో ఖర్చెక్కువ, కానీ టైముకు వస్తుంది. రెండూ ఉన్నచోట ఉంటే ఒకటి దెబ్బతిన్నా రెండోది ఉంటుంది. ఊరికి పోయే రోజు సామాన్లతో ఆటో బేరాలు లేకుండా ఎంఎంటీఎస్‌లోనే సికింద్రాబాద్ చేరొచ్చు.

ఆ ప్రాంతాల్లో రెండు గదులు, వంటిల్లు ఉన్న పోర్షన్ 15,000, 16,000 మధ్యలో దొరుకుతుంది. కొత్త అపార్ట్‌మెంటంత అందంగా ఉండదు. సందు ఇరుకు, బండి పెట్టడానికి జాగా తక్కువ, పక్కింటి టీవీ వినబడుతుంది. కానీ గ్రౌండ్ ఫ్లోర్ దొరకొచ్చు. మీ అమ్మ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే నలుగురు పలకరిస్తారు. భరత్‌నగర్ కూరగాయల మార్కెట్ దగ్గర్లోనే ఉంటుంది. సనత్‌నగర్‌లో ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) ఆసుపత్రి ఉంది. మీ జీతంలో ఈఎస్‌ఐ కోత ఉంటే ఆ కార్డు అమ్మకూ పనికొస్తుంది, ఆమె మీ మీదే ఆధారపడి ఉన్నట్టు నమోదు చేయించండి. నిమ్స్ పెద్దాసుపత్రికి పోవాల్సి వస్తే మెట్రోలో పంజాగుట్ట దూరం కాదు. శివారు ఫ్లాట్‌లో ఐదో అంతస్తు బాల్కనీ నుంచి చెట్లు కనిపిస్తాయి, గాలి బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ ధర్మాబాద్ బజారులో రోజూ పది మందితో మాట్లాడే మనిషిని పగలంతా నాలుగు గోడల మధ్య ఒంటరిగా పెడితే, ఆమె రెండో నెలలోనే ఊరికి పోతానంటుంది. మన పెద్దవాళ్లలో ఇది నేను మళ్లీ మళ్లీ చూశాను. దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి.

ఇక నీళ్లు. ఇల్లు చూడ్డానికి పోయినప్పుడు మొదటి ప్రశ్న కిరాయి గురించి కాదు, నీళ్ల గురించి ఉండాలి. నల్లా కనెక్షన్ ఉందా, బోరు మీదే నడుస్తుందా? నల్లా నీళ్లు ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు వస్తాయి? ఓనర్‌ను అడగండి, తర్వాత పక్కింటావిడను కూడా అడగండి. రెండు జవాబులూ ఒకటైతేనే నమ్మండి. నగరంలో ఇంటి కనెక్షన్‌కు నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితంగా ఇచ్చే పథకం 2021 నుంచి ఉంది. కిరాయిదారుకు ఆ లాభం అందుతుందా, ఓనర్ విడిగా నీళ్ల డబ్బులు తీసుకుంటాడా అన్నది కూడా ముందే తేల్చుకోండి. శివార్లలో చాలా అపార్ట్‌మెంట్లు బోర్ల మీద, ట్యాంకర్ల మీద ఆధారపడ్డాయి. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం జనం ఎంత తిప్పలు పడ్డారో చూశాం. తక్కువ కిరాయి ఫ్లాట్‌లో ఏప్రిల్, మే నెలల్లో మెయింటెనెన్స్ బిల్లు ఒక్కసారిగా ఎందుకు పెరుగుతుందో అక్కడ ఉన్నవాళ్లను అడిగితే చెబుతారు. 2025 డిసెంబర్‌లో చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీలో కలిపారు. "ఇప్పుడు ఇదీ సిటీయే" అని బ్రోకర్లు చెబుతారు. బోర్డు మారినంత తొందరగా పైపు రాదు, నల్లా తిప్పి చూడండి.

పాప చదువు సంగతి ఇల్లుకంటే ముఖ్యం. దీనికి గడువు కూడా ఉంది కాబట్టి జాగ్రత్తగా చదవండి. తెలంగాణలో ఇంజినీరింగ్, మెడికల్ సీట్లకు లోకల్ అభ్యర్థి కావాలంటే, ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలన్నది ప్రధానమైన నియమం. మెడికల్‌కు 2024లో వచ్చిన జీవో 33 దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లూ తెలంగాణలోనే కావాలి. మీ పాప ఎనిమిదిలో చేరితే ఒక ఏడాది చేతిలో ఉంటుంది. "పదో తరగతి ధర్మాబాద్‌లోనే పూర్తి చేయించి తర్వాత తీసుకెళ్దాం" అనుకున్న కుటుంబాలు సీటు దగ్గర చాలా నష్టపోయాయి. మీరు ఆ పొరపాటు చేయొద్దు. అలాగే మహారాష్ట్ర కుల ధ్రువపత్రంతో తెలంగాణలో రిజర్వేషన్ దొరుకుతుందని లెక్కలు వేసుకోకండి. రాష్ట్రం మారి వచ్చినవాళ్లకు అది వర్తించదు.

ఇంకోటి, తెలుగు. 2018 చట్టం ప్రకారం తెలంగాణ బడుల్లో, సీబీఎస్‌ఈ బడులతో సహా, తెలుగు తప్పనిసరి సబ్జెక్టు. మన పిల్లలు ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు, చదవడం రాయడం మాత్రం మరాఠీలో. తరగతిలో ఒత్తులు, గుణింతాలు రాక పాప చిన్నబుచ్చుకుంటుంది. ఇప్పటి నుంచే రోజూ అరగంట కూర్చోబెట్టి వర్ణమాల నుంచి మొదలుపెట్టండి. మాట వచ్చు కాబట్టి రాత తొందరగానే పట్టుబడుతుంది. బడి ఇంటికి నడిచిపోయే దూరంలో ఉండాలి. శివారులో బడి బస్సు ఇంటి ముందుకే వస్తుంది, కానీ బస్సు ఫీజు పెద్దది, పిల్ల బస్సులోనే గంట కూర్చుంటుంది.

ఆధార్ చిరునామా గురించి కూడా అందరూ అడుగుతారు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం, కానీ తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. మహారాష్ట్ర కార్డుతో టికెట్ కొనాల్సిందే. మన మహారాష్ట్ర ఎస్టీ బస్సుల్లో ఆడవాళ్లకు సగం టికెట్ 2023 మార్చి నుంచి ఉంది, అది రాష్ట్రం హద్దు వరకే. మీ భార్య మహారాష్ట్ర ప్రభుత్వం ఆడవాళ్లకు నెలనెలా ఇచ్చే లాడ్కీ బహీణ్ డబ్బులు తీసుకుంటుంటే, చిరునామా మారిస్తే ఆ 1,500 పోతుంది. రెండు రాష్ట్రాల్లోనూ లాభం పొందే ఉపాయాలు కొందరు చెబుతారు, వినకండి. మీరు నిజంగా ఎక్కడ కాపురం ఉంటున్నారో అదే చిరునామా పెట్టుకోండి. భార్య, పాప మారిపోతారు కాబట్టి వాళ్లవి మార్చండి. అమ్మ పంటల కాలంలో ధర్మాబాద్‌లోనే ఎక్కువ ఉంటానంటే, శ్రావణబాళ్ (వృద్ధాప్య) పెన్షన్, రేషన్ అక్కడే ఉంటే, ఆమెది అక్కడే ఉంచండి. రేషన్ బియ్యం ఇప్పుడు ఏ రాష్ట్రంలో అయినా తీసుకోవచ్చు. ఆయుష్మాన్ కార్డు ఉంటే ఆ పథకంలో ఉన్న తెలంగాణ ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. ఆరోగ్యశ్రీ మాత్రం తెలంగాణ కుటుంబాలకే.

ఇప్పుడు కొనడం గురించి. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

"బ్యాంకు లోన్ ఇస్తోంది అంటే కాగితాలు క్లియర్ ఉన్నట్టే" అనే మాట మీ బంధువులు అనే ఉంటారు. బ్యాంకు తన డబ్బు తిరిగి వస్తుందా అని చూస్తుంది. మీ జీతం, మీ గ్యారంటీ అందుకే అడుగుతుంది. రేపు బిల్డింగ్ చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు), బఫర్ జోన్‌లోనో (ఆ హద్దు చుట్టూ కట్టడాలు కట్టకూడని జాగా) ఉందని తేలితే, ఇల్లు పోయినా ఈఎంఐ మీరు కట్టాల్సిందే. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక అలాంటి చోట్ల కూల్చివేతలు మీరూ వార్తల్లో చూశారు. శివార్లలో ఒకప్పుడు చెరువులు, కుంటలు, వాటిని కలిపే నాలాలు ఎక్కువ. 2020 అక్టోబర్ వానలకు ఎన్ని కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో గుర్తుంది కదా. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్‌లో చెరువుల మ్యాపులు ఉన్నాయి, సర్వే నంబర్‌తో సరిచూసుకోవాలి. రెరా (ఇళ్ల ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ) నంబర్ లేకుండా "ప్రీ లాంచ్ ఆఫర్, చదరపు అడుగుకు ఇంత తక్కువ" అంటే అక్కడే లేచి వచ్చేయండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిది ఫ్లాట్లకు మించినా రెరాలో రిజిస్టర్ కాకుండా అమ్మడం చట్టవిరుద్ధం. కట్టిన బిల్డింగ్ అయితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఉండటానికి ఇచ్చే అనుమతి), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), మీ వాటాకు వచ్చే భూమి ఎన్ని గజాలో రాసిన పత్రం, ఇవన్నీ ఊళ్లో వకీలుకు కాదు, రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల్లో పనిచేసే వకీలుకు చూపించాలి. ధర కాక రిజిస్ట్రేషన్, స్టాంపు ఖర్చులు విలువ మీద 7.5 శాతం. పూర్తికాని ఫ్లాట్‌కు జీఎస్టీ అదనం.

మేడ్చల్ దాకా మెట్రో వస్తుందని చెప్పి ధర పెంచుతారు. 2025 జనవరి 1న ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు మెట్రో ప్రకటించిన మాట నిజమే. మొదటి దశ 69 కిలోమీటర్లు తయారవడానికి ఎన్నేళ్లు పట్టిందో చూస్తే, ప్రకటనకు డబ్బు పెట్టడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

రెండెకరాల గురించి ఒకటే మాట. కొత్త ఉద్యోగం, కొత్త నగరం, పాప మధ్యలో చదువు. ఈ మూడూ కుదురుకోకముందే భూమి అమ్మితే, ఉద్యోగంలో తేడా వచ్చిన రోజు వెనక్కి పోవడానికి చోటు ఉండదు. ఆ పొలం కౌలుకు ఇవ్వండి. ఏటా వచ్చే కౌలు డబ్బు పాప ఫీజుకు పనికొస్తుంది.

ఇదంతా శివారు చెడ్డదని చెప్పడానికి కాదు. మీ ఉద్యోగం జీడిమెట్లలోనో, కండ్లకోయలోనో, శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీ ఫార్మా కంపెనీల్లోనో ఉంటే నేనే మిమ్మల్ని మేడ్చల్ వైపు పొమ్మనేదాన్ని. అప్పుడు ఆఫీసు దగ్గర, ఊరి దారి దగ్గర, కిరాయి తక్కువ. పటాన్‌చెరులో పనిచేసే దెగ్లూరు కుర్రాడికి అమీన్‌పూర్ వైపు నల్లా కనెక్షన్ ఉన్న ఇల్లు దొరికితే హాయిగా ఉంటాడు. ఇద్దరూ ఇంటి నుంచే కంప్యూటర్ మీద పనిచేసే దంపతులకు శివారు బాగానే సరిపోతుంది. మీ ఇంట్లో మాత్రం పడమర ఆఫీసు, కుట్టుమిషన్, మోకాళ్ల నొప్పులున్న అమ్మ, ఎనిమిదో తరగతికి పోయే పాప, ఈ నలుగురి అవసరాలూ మూసాపేట, బోరబండ సందుల్లోనే కలుస్తున్నాయి.

పని వరుస ఇలా పెట్టుకోండి. మార్చి నెలాఖరులో మీరొక్కరే వచ్చి, ఊరివాళ్ల ఇంట్లో నాలుగు రోజులు ఉండి, టులెట్ బోర్డులు చూస్తూ సందులన్నీ నడవండి. బ్రోకర్ ఒక నెల కిరాయి అడుగుతాడు, నడిస్తే అది మిగులుతుంది. అడ్వాన్స్ రెండు మూడు నెలలకు మించి ఒప్పుకోకండి, 11 నెలల అగ్రిమెంటు రాయించుకోండి, కరెంటు మీటర్ విడిగా ఉందో చూడండి. ఏప్రిల్, మే ఎండల్లో ఆ ఇంట్లో నీళ్లు ఎలా ఉంటాయో పక్కవాళ్ల దగ్గర తెలుసుకుని, ఇల్లు ఖాయం చేసే ముందు మీ భార్యను ఒకసారి తీసుకొచ్చి చూపించండి. ఆమె సరే అంటేనే అడ్వాన్స్ ఇవ్వండి. జూన్‌లో బడులు తెరిచేలోపు పాప టీసీ తీసుకోండి. వేరే రాష్ట్రం టీసీ కాబట్టి దాని మీద విద్యాశాఖ అధికారి కౌంటర్ సంతకం కావాలని ఇక్కడి బడులు అడుగుతాయి. ఆ సంతకానికి నాందేడ్ పోవాలి, సెలవుల్లో సిబ్బంది దొరకరు, అందుకే ఫలితాలు రాగానే ఆ పని ముందు చేసుకోండి.